సెలవు అయిపోకముందే అడగండి



పొద్దున్నే విశాఖపట్నంలో బయలుదేరే కిరండూల్ పాసింజరు అరకు స్టేషనులో ఆగగానే సగం బండి ఖాళీ అవుతుంది. 2017లో అద్దాల పెట్టె తగిలించిన దగ్గర నుంచి సందర్శకుల రద్దీ మరీ పెరిగింది. వాళ్ళంతా ఫొటోలు తీసుకుంటూ దిగిపోయాక పెట్టెల్లో మిగిలినవారిని ఎప్పుడైనా చూశారా? పొట్టి క్రాపు, సీటు కింద ఇనప ట్రంకు పెట్టె, ఒళ్ళో నల్ల బ్యాగు. సెలవు ముగించుకొని జగదల్‌పూర్, దంతెవాడ వైపు క్యాంపులకు తిరిగి వెళ్ళే జవాన్లు వాళ్ళు. కొందరు శ్రీకాకుళం, విజయనగరం పల్లెల వాళ్ళు. కొందరు అరకులోనే ఎక్కుతారు, మన కొండల పిల్లలే. తల్లి కిటికీ ఊచలు పట్టుకొని ఏదో చెబుతూ ఉంటుంది, కొడుకు తల ఊపుతూ ఉంటాడు. బండి కదులుతుంది.

ఆ బండి ఎక్కకముందు అతన్ని ఎవరైనా ఒక మాట అడిగారా అన్నదే ఈ వ్యాసం. ఒకసారి నేను అడగలేదు. అక్కడి నుంచే మొదలుపెడతాను.

కొన్నేళ్ళ క్రిందటి సంగతి. ఊరి పేరు, దళం పేరు చెప్పను. ఎవరూ గుర్తుపట్టకుండా ఒకటి రెండు వివరాలు మార్చాను కూడా. ఒక జవాను తల్లితో కలిసి మా ఓపీకి వచ్చాడు. కడుపులో మంట, తల బరువు, తెల్లవారుజామున మూడు గంటలకే మెలకువ. "ఆడు అన్నం ముట్టడం నేదమ్మా" అంది తల్లి. అతను మాత్రం మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు. మర్నాడే ప్రయాణమట. వెళ్ళబోతూ, "మేడమ్, చీటీలో నా పేరు రాయకుండా ఇవ్వగలరా?" అని అడిగాడు. ఇదేమి విడ్డూరం అనుకున్నాను. బయట అరవైమంది కూర్చుని ఉన్నారు. కడుపు మంటకు మాత్రలు రాసి, టీలు తగ్గించమని చెప్పి పంపించాను. మూడు వారాల తరువాత తెలిసింది, క్యాంపులో తన ప్రాణం తానే తీసుకున్నాడని.

ఆ తల్లి తరువాత కూడా బీపీ మందులకు మా దగ్గరికే వచ్చేది. ఒకరోజు మందులు కొంగున కట్టుకొని లేవబోతూ, "ఆడు మీకేటైనా చెప్పేడా డాక్టరమ్మా?" అని అడిగింది. చెప్పలేదమ్మా అన్నాను. నేను అడగలేదు అనే రెండో మాట అనడానికి నాకు నోరు రాలేదు.

ఇటువంటి ఇల్లు అదొక్కటే అయితే ఇంత రాయవలసిన పని లేదు. కేంద్ర హోం శాఖ 2024 డిసెంబరులో రాజ్యసభకు ఇచ్చిన లెక్క ఇది: కేంద్ర సాయుధ పోలీసు బలగాలు, అస్సాం రైఫిల్స్, ఎన్‌ఎస్‌జీలలో కలిపి 2020 నుంచి 2024 వరకు ఐదేళ్ళలో 730 మంది ఆత్మహత్య చేసుకున్నారు. అంటే రెండున్నర రోజులకు ఒకరు. త్రివిధ దళాల లెక్క వేరే. 2022 జూలైలో పార్లమెంటుకు చెప్పిన ప్రకారం అంతకు ముందు ఐదేళ్ళలో 819 మంది. అందులో సైన్యం 642, వాయుసేన 148, నౌకాదళం 29.

ఈ అంకెలన్నిటిలో నన్ను ఆపివేసింది ఇంకొకటి. బలగాలలో ఆత్మహత్యల కారణాలు చూడమని ప్రభుత్వం 2021లో వేసిన టాస్క్‌ఫోర్సు ఏమి గమనించిందంటే, ఆ మరణాల్లో 80 శాతానికి పైగా సెలవు నుంచి తిరిగి వచ్చాక జరిగినవే.

మొదట వినగానే ఇది తలకిందులుగా అనిపిస్తుంది. సెలవంటే విశ్రాంతి కదా, ఇంటి అన్నం, అమ్మ చేతి చోడి అంబలి, పిల్లల ముద్దులు. అయితే జవాను ఇంటికి వచ్చేది విశ్రాంతికి మాత్రమే కాదు. తొమ్మిది నెలలుగా ఇల్లు అతని కోసం దాచిపెట్టిన సమస్యలన్నీ అతను గుమ్మంలో అడుగుపెట్టగానే ఎదురొస్తాయి. అన్నదమ్ముల భూమి తగాదా. చెల్లెలి పెళ్ళికి చేసిన అప్పు. భార్యకు, అత్తకు పడకపోవడం. పిల్లవాణ్ణి విశాఖలో చదివించాలా, పాడేరు హాస్టల్లో వేయాలా. ఇవేవీ ఇరవై ముప్పై రోజుల్లో తెగేవి కావు. సగం తెగినవి, అసలు తెగనివి మూటగట్టుకొని బండి ఎక్కుతాడు. అక్కడికి వెళ్ళాక రాత్రి కాపలా, ఒంటరితనం, సిగ్నలు అందని ఫోను, చేతిలో తుపాకీ. సమస్య ఇక్కడ ఉంటుంది, ఆయుధం అక్కడ ఉంటుంది. రెండింటి మధ్య ఉన్నది ఆ ప్రయాణమే. పైన చెప్పిన టాస్క్‌ఫోర్సు చూసిన కారణాలు కూడా ఇంటివే: భార్య గాని, దగ్గరివారు గాని చనిపోవడం, దాంపత్యంలో కలతలు, డబ్బు ఇబ్బందులు, పిల్లల చదువుకు సరైన అవకాశం లేకపోవడం.

అందుకే నా అభిప్రాయం ఇది. క్యాంపుల్లో కౌన్సెలర్లను పెంచాలని అందరూ అంటారు, పెంచవలసిందే. కాని జవానుకు మానసిక వైద్యం అందవలసిన మొదటి చోటు క్యాంపు కాదు, సెలవులో ఉన్న ఇల్లు. ఆ ఇంటికి దగ్గరగా ఉన్నది మనం: కుటుంబం, సంఘం, ఊరి ఆశా కార్యకర్త, ఇలాంటి చిన్న ఆస్పత్రి. అతను క్యాంపులో ఎందుకు చెప్పుకోడో తెలిస్తే మీరూ ఒప్పుకుంటారు.

బలగాలలో ప్రతి ఏడాదీ వైద్య పరీక్ష ఉంటుంది. దాన్ని 'షేప్' అంటారు. ఐదు ఇంగ్లీషు అక్షరాలు, ఒక్కో అక్షరానికి ఒక్కో సంగతి: మనసు, చెవి, కాళ్ళు చేతులు, ఒంటి సత్తువ, కళ్ళు. మొదటి అక్షరమే మనసు. అన్నిటిలో ఒకటో గ్రేడు ఉంటే 'షేప్-1'. పదోన్నతి రావాలంటే సాధారణంగా షేప్-1 ఉండాలి. మరి "నాకు నిద్ర పట్టడం లేదు, బతకాలని లేదు" అని క్యాంపు డాక్టరుతో చెప్పుకున్న జవానుకు ఏమవుతుంది? ఆ మొదటి అక్షరం కింద గ్రేడు మారుతుంది. తోటివాడు హవల్దారు అవుతాడు, ఇతను ఆగిపోతాడు. బారకులో "పిచ్చోడు" అని పేరు పడుతుంది. కాలు విరిగినవాడు కట్టు కట్టించుకొని దర్జాగా తిరుగుతాడు. మనసు విరిగినవాడు చీటీలో పేరు వద్దంటాడు. నాకు ఆ రోజు విడ్డూరంగా తోచిన మాటకు అర్థం ఇదే. అతను నా దగ్గర దాక్కోవడానికి రాలేదు, ఇక్కడైతే చెప్పుకోవచ్చేమోనని వచ్చాడు.

దీనికి ఎదురు ప్రశ్న ఉంది, అది సరైన ప్రశ్నే. మనసు బాగోలేని మనిషి చేతిలో తుపాకీ ఉన్నప్పుడు పై అధికారికి తెలియకపోతే ఎలా? అతనికీ ప్రమాదం, పక్కవాడికీ ప్రమాదం. నిజమే, తెలియాలి. కాని తెలిశాక తీయవలసింది కొన్నాళ్ళు తుపాకీని, ఉద్యోగాన్ని కాదు. ఎక్కువమందిలో డిప్రెషన్ వైద్యంతో నయమయ్యేదే. టైఫాయిడు వచ్చినవాడు మూడు వారాలు మంచం మీద ఉండి లేచి వచ్చినట్టే వీళ్ళూ లేచి వస్తారు. నయమైన టైఫాయిడు ఎవరి పదోన్నతికీ అడ్డం రాదు.

ఇజ్రాయెల్ సైన్యంలో ఒకటి జరిగింది. అక్కడ కుర్ర సైనికులు వారాంతపు సెలవుకు తుపాకీతో సహా ఇంటికి వెళ్ళేవారు. 2006లో తుపాకులు క్యాంపులోనే వదిలి వెళ్ళాలని నియమం పెట్టారు. ఆత్మహత్యలు 40 శాతం తగ్గాయి. అంతకన్నా ముఖ్యమైన సంగతి, తగ్గింది వారాంతాల్లోనే. మిగతా రోజుల్లో పెరగలేదు. అంటే శనివారం ఆగినవాడు మంగళవారం ఇంకో దారి వెతుక్కోలేదు. చావాలనే ఆ తీవ్రమైన ఘడియ గాలివాన లాంటిది, వచ్చి దాటిపోతుంది. ఆ ఘడియలో చేతికి అందేదేదీ లేకుండా చేస్తే మనిషి మిగులుతాడు. శ్రీలంకలో 1990ల నుంచి బాగా విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా ఆపినప్పుడు కూడా ఇదే కనబడింది. ఇరవై ఏళ్ళలో అక్కడి ఆత్మహత్యల రేటు సుమారు 70 శాతం పడిపోయింది.

మన దగ్గర పరిస్థితి ఇజ్రాయెల్‌కు తిరగేసినట్టు ఉంది. ఇంట్లో తుపాకీ ఉండదు, సెలవు అయ్యాక క్యాంపులో చేతికి వస్తుంది. కాబట్టి నేను అడిగేది ఇది: సెలవు నుంచి తిరిగి వచ్చిన ప్రతి జవానుకూ మొదటి పది రోజులు ఆయుధం లేని డ్యూటీ ఇవ్వాలి. మనసు బాగోలేదని తేలినవాడికి మాత్రమే కాదు, అందరికీ. అందరికీ ఇస్తే ఎవరి మీదా ముద్ర పడదు. అడవిలో క్యాంపు, మనుషులు చాలరు, ఎలా కుదురుతుందని కమాండర్లు అంటారు. వంటశాల, స్టోరు, వైర్‌లెస్, ఆఫీసు, బండ్ల షెడ్డు అన్నీ క్యాంపులోనే ఉన్నాయి కదా. కుదర్చాలనుకుంటే కుదురుతుంది. అమెరికా వాయుసేన 1996లో మొదలుపెట్టిన కార్యక్రమంలో అసలు మలుపు పై అధికారులే. సాయం అడగడం తప్పు కాదని, అడిగినవాడికి అండగా ఉంటామని వాళ్ళే బహిరంగంగా చెప్పారు. అక్కడ ఆత్మహత్య ప్రమాదం మూడో వంతు తగ్గినట్టు 2003లో బ్రిటిష్ వైద్య పత్రిక బీఎంజే ప్రచురించింది. ఆ మాట మన కమాండర్ల నోటి నుంచి వస్తే నాలాంటి డాక్టర్లు వందమంది చెప్పినదానికన్నా ఎక్కువ పనిచేస్తుంది.

కొండల పిల్లల సంగతి ఇంకొంచెం వేరు. మైదానం నుంచి వచ్చినవాడికి ఈ అడవి డ్యూటీ మాత్రమే, మన పిల్లలకు ఇదే ఇల్లు. 2008 జూన్ 29న బలిమెల జలాశయంలో పోలీసుల పడవపై దాడి జరిగి, ఎక్కువగా గ్రేహౌండ్స్ వారే, 38 మంది చనిపోయారు. 2018 సెప్టెంబరు 23న మన డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు దగ్గర ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావు గారిని, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమ గారిని కాల్చి చంపారు. ఆ ఏళ్ళలో పోలీసు ఉద్యోగంలో ఉన్న గిరిజన యువకుడు కొత్తల పండుగకు సొంత గూడెం వెళ్ళాలంటే భయపడేవాడు. ఒకవైపు వాళ్ళకు ఇన్‌ఫార్మరు, ఇంకోవైపు వాళ్ళకు అనుమానితుడు. చనిపోయినవారిలో రెండువైపులా చుట్టాలు ఉన్న ఇళ్ళు ఉన్నాయి. ఇప్పుడు ఆ అలజడి చాలావరకు తగ్గింది. అయితే రోడ్డు మీద పేలుడు ఆగినంత మాత్రాన తలలో పేలుడు ఆగదు. ఆవురావురుమని అన్నం తింటున్నవాడు పెళ్ళి బాణాసంచా చప్పుడుకు కంచం వదిలేసి గోడకు ఆనుకోవడం నేను కళ్ళారా చూశాను. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అది పిరికితనం కాదు, గాయం.

గాయమని మనవాళ్ళకు ఎలా తెలియాలి? డిప్రెషన్ అనే మాట కువి భాషలో గాని, ఆదివాసీ ఒడియాలో గాని చెప్పరు. మనిషి ఒళ్ళే చెబుతుంది. కడుపు మంట, గుండె దడ, గాబరా, నడుం పట్టేయడం, తెల్లవారకముందే మెలకువ, చిరాకు. ఇంట్లోవాళ్ళు ముందు దిసారి దగ్గరికి తీసుకెళతారు, విశ్వాసులైతే ప్రార్థన కూటానికి. వెళ్ళవద్దని నేను అనను. పదిమంది చుట్టూ చేరి ఒక మనిషి కోసం కూర్చోవడంలో ఊరట ఉంది. దానితో ఆగిపోవద్దు అంటాను. ఇంకొక్క మాట, ఇది డాక్టరుగా చెబుతున్నాను: అడవి డ్యూటీ నుంచి వచ్చినవాడికి జ్వరం ఉండి, మాటలు తడబడుతూ, తికమకగా ప్రవర్తిస్తుంటే అది మనసు సంగతని గాని, గాలి సోకిందని గాని అనుకోకండి. వెంటనే రక్తపరీక్ష చేయించండి. మెదడుకెక్కిన మలేరియా కావచ్చు, అక్కడ గంటలు కూడా విలువైనవే.

కాంటీన్ రమ్ము గురించి కూడా చెప్పాలి. మిలటరీ నుంచి అబ్బాయి వస్తున్నాడంటే బావమరదులు, చిన్నాన్నలు సీసా కోసం ఎదురుచూస్తారు. తేకపోతే అలుగుతారు. అతను తెస్తాడు, వాళ్ళతో కూర్చుంటాడు. నిద్ర పట్టనివాడికి మొదట్లో అది మందులా కనిపిస్తుంది. నాలుగు రోజులకు నిద్రను మరింత చెడగొడుతుంది, దిగులును రెట్టింపు చేస్తుంది, మనిషి తెగింపుకు అడ్డం తీసేస్తుంది. ఈసారి చుట్టాలే "మాకు సీసా వద్దురా, నువ్వు వస్తే చాలు" అనగలిగితే అది ఏ డాక్టరూ రాయలేని మందు.

ఇక అడగడం ఎలాగ? అడిగితే లేనిపోని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయం. అది నిజం కాదని పరిశోధనలు తేల్చాయి. అడిగితే చాలామందికి బరువు దిగుతుంది. తిన్నగా అడగండి. "ఈమధ్య బతకాలని లేదని అనిపిస్తోందా నాన్నా? చచ్చిపోవాలని ఆలోచన వస్తోందా?" అని. పదిమందిలో కాదు, చేనుకు నడిచి వెళ్ళేటప్పుడో, కాఫీ తోటలో మిరియాల పాదుల దగ్గరో, పక్కపక్కన నడుస్తూ అడగండి. ఎదురుగా కూర్చుంటే మగవాళ్ళు చెప్పరు. అవునంటే "ఛ, సిపాయివి నువ్వు, ఇలాంటి మాటలా" అనవద్దు. ఆ ఒక్క మాటతో తలుపు మూసుకుంటుంది. వినండి, ఒంటరిగా వదలకండి, ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే తాళం పెట్టండి, మా దగ్గరికి తీసుకురండి. రాత్రయితే 14416కు ఫోను చేయండి. అది టెలీ మానస్, 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత సేవ, తెలుగులో మాట్లాడతారు. సైనికుల కోసం పుణెలోని సైనిక వైద్య కళాశాలలో 2023 డిసెంబరులో దానికి ప్రత్యేక విభాగం కూడా తెరిచారు.

పోలీసు కేసు అవుతుందని భయపడి దాచేవాళ్ళున్నారు. ఆ భయం పాతది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మేలో అమలులోకి వచ్చింది. ఆత్మహత్యకు ప్రయత్నించినవాడు తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలని, అతనికి వైద్యం చూపించడం ప్రభుత్వ బాధ్యత అని అందులో ఉంది. 2024 జూలై 1 నుంచి పాత శిక్షాస్మృతి, అందులోని 309వ సెక్షను పోయాయి. కొత్త సంహితలో ప్రభుత్వోద్యోగిని ఒత్తిడి చేయడానికి చేసే ప్రయత్నం మాత్రమే నేరం.

మా ఆస్పత్రి సంగతి కూడా చెప్పాలి, తప్పు నా దగ్గరే మొదలైంది కాబట్టి. జవాను ఎవరు వచ్చినా, కడుపు మంటతో వచ్చినా, తలనొప్పితో వచ్చినా, నిద్ర గురించి, మనసు గురించి తలుపు వేసి అడగడం ఇప్పుడు నా అలవాటు. దొంగ పేరు మేము రాయలేము. కాని అసలు పేరు మా రిజిస్టరు దాటి, మీ అనుమతి లేకుండా మీ దళానికి వెళ్ళదు. రోగి రహస్యం కాపాడాలని పైన చెప్పిన చట్టమే అంటోంది. ప్రాణానికే ముప్పు ఉన్నప్పుడు మాత్రం, ఆ ప్రాణం కాపాడడానికి ఎంత అవసరమో అంతే చెబుతాము, అదీ మీకు చెప్పే చేస్తాము.

ఇందులో ఒక చిక్కు ఉంది. డిప్రెషన్ మందులు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. జవాను సెలవే నాలుగు వారాలు. చివరి రోజున వచ్చినవాడికి నేను మందు రాసినా అది పనిచేయడం మొదలయ్యేసరికి అతను రాత్రి కాపలాలో ఉంటాడు. మోతాదు సరిపోయిందో లేదో చూసే దిక్కు ఉండదు, సగంలో మానేసినా అడిగేవారుండరు. మొదటి వారంలోనే వస్తే రెండు మూడు సార్లు చూడవచ్చు. అవసరమైతే విశాఖ చినవాల్తేరు మానసిక వైద్యశాలకు పంపవచ్చు. ఇక్కడి నుంచి అది సుమారు 115 కిలోమీటర్లు, పోను రాను ఒక రోజంతా పోతుంది. చేతిలో రోజులుంటేనే అది కుదిరేది.

సంఘ పెద్దలకు ఒక మాట. 2023 అక్టోబరులో ఒక అగ్నివీరుడు ఇలాగే చనిపోయినప్పుడు, తనను తాను గాయపరచుకొని మరణించినవారికి 1967 నాటి ఉత్తర్వు ప్రకారం సైనిక లాంఛనాలు ఉండవని సైన్యం ప్రకటించింది. పత్రికల్లో పెద్ద గొడవ జరిగింది. సైన్యాన్ని తప్పుబట్టే ముందు మన సంగతి చూసుకోవాలి. ఇటువంటి మరణం జరిగిన ఇంటికి మనలో ఎంతమంది వెళుతున్నాం? సమాధి స్థలంలో చోటు ఇవ్వడానికి తర్జనభర్జన పడిన సంఘాలు నాకు తెలుసు. భర్త పోయిన అమ్మాయిని "నువ్వు ఫోనులో పోట్లాడావు కాబట్టే" అని సూటిగా అన్నవారూ తెలుసు. ఏ ఒక్క ఫోను మాటా మనిషిని చంపదు. జబ్బు, అప్పు, నిద్రలేమి, మందు, ఒంటరితనం, చేతిలో ఆయుధం ఇన్ని కలిస్తేనే అది జరుగుతుంది. ఆ నింద మోసేది మాత్రం ఇరవై నాలుగేళ్ళ పిల్ల. కతోలిక సంఘం 1917 నాటి చట్టసంహితలో ఇటువంటివారికి సమాధి కార్యక్రమం నిరాకరించింది, 1983 నాటి కొత్త సంహితలో ఆ నిషేధాన్ని తీసివేసింది. మనం ఏ సంఘానికి చెందినవారమైనా ఆలోచించవలసిన సంగతే. ఏలీయా ప్రవక్త బదరీవృక్షము క్రింద కూర్చుని చావు కోరుకున్నప్పుడు దేవదూత అతన్ని గద్దించలేదు. రొట్టె పెట్టాడు, నీళ్ళిచ్చాడు, మళ్ళీ పడుకోనిచ్చాడు, మళ్ళీ లేపి తినిపించాడు. ప్రసంగం ఒక్క ముక్క లేదు.

అగ్నివీరులన్నాను కనుక వారి గురించీ ఒక విషయం. 2022లో వచ్చిన పథకం కింద 2023 జనవరి నాటికి శిక్షణకు చేరిన మొదటి జట్టు పిల్లలకు నాలుగేళ్ళు నిండేది 2026 చివర, 2027 మొదట. నూటికి పాతికమంది వరకే ఉంచుకుంటారు. మిగతావారు ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళకు చేతిలో కొంత డబ్బుతో ఇంటికి వస్తారు. పింఛను లేదు, మాజీ సైనికులకు 2003 నుంచి ఉన్న ఈసీహెచ్‌ఎస్ వైద్య సదుపాయమూ లేదు. ఊరంతా మిలటరీ అబ్బాయి అని పిలిచినవాడు ఒక్కసారిగా పనిలేనివాడవుతాడు. వాళ్ళకు మనసు బాగోలేకపోతే చూసే క్యాంపు డాక్టరు కూడా ఉండడు. మనమే ఉంటాం. అప్పటికి ఏం చేయాలో గ్రామ సభల్లో, సంఘ కమిటీల్లో, ఐటీడీఏ అధికారుల దగ్గర ఇప్పటి నుంచే మాట్లాడాలని నా మనవి.

క్రిస్మస్‌కు మన సంఘాల జవాన్లు చాలామంది సెలవు మీద వస్తారు. వచ్చిన మొదటి వారంలోనే, ఏమీ బాగోలేదనిపించినా, కడుపు మంట అని చెప్పైనా సరే, ఒకసారి ఓపీకి తీసుకురండి. జనంలో కూర్చోవడానికి ఇబ్బంది పడితే మధ్యాహ్నం ఓపీ ఖాళీ అయ్యాక రమ్మనండి, నేను ఉంటాను. చీటీలో పేరు గురించి భయపడవద్దని నేను చెప్పానని చెప్పండి.